రామప్ప పక్కనే రాలిపోతున్న కోటగుళ్లు

మొదటి రోజు: హనుమకొండ

వరంగల్ వైపు వెళ్లేవాళ్లు వేయి స్తంభాల గుడి, ఖిలా, రామప్ప చూసుకుని వెనక్కి తిరుగుతారు. మేం బయల్దేరింది మాత్రం గణపురం కోటగుళ్ల కోసం. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది గణపురం. రామప్ప నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. రెండూ కాకతీయ గణపతిదేవుడి కాలం నాటివే. రామప్పది ఒక పెద్ద గుడి, దాని చుట్టూ కొన్ని ఉపాలయాలు. గణపురంలో ఒకే ప్రాకారం లోపల చిన్నా పెద్దా కలిపి 22 గుళ్లు. రామప్ప ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కోటగుళ్లలో చాలా వాటికి పైకప్పు కూడా మిగల్లేదు. ఇంత దగ్గర్లో ఉన్న రెండింటికి ఇంత తేడా ఎలా వచ్చిందో కళ్లారా చూడాలనిపించింది.

తోడు మా బావమరిది వచ్చాడు. వంతెనల పనులు చూసే ఇంజినీరు. గుళ్లోకి అడుగు పెడితే నా కళ్లు శిల్పాల మీదికి పోతాయి, వాడి కళ్లు పైకప్పు మీదికి పోతాయి. ఈ యాత్రలో నాకు ఎక్కువ నేర్పింది వాడి చూపే.

పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగాం. హనుమకొండలో లాడ్జిలో సామాను పడేసి, భోంచేసి, ఎండ కాస్త తగ్గాక వేయి స్తంభాల గుడికి వెళ్లాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. ముగ్గురు దేవుళ్లకు మూడు గర్భగుళ్లు, మధ్యలో రంగమండపం. ఎదురుగా నిగనిగలాడే నంది, నందికి అవతల కల్యాణమండపం. మాకు కావాల్సింది ఆ కల్యాణమండపమే.

కాకతీయుల కట్టడాల్లో పునాది పద్ధతి వేరు. లోతుగా గుంత తీసి, ఇసుక నింపి, దాని మీద రాతి వరసలు పేర్చుకుంటూ వస్తారు. భూమి కదిలితే ఆ కదలికను ఇసుక తనలోనే సర్దుకుంటుంది, పైనున్న రాయిదాకా రానివ్వదు. అయితే ఆ ఇసుక అక్కడే ఉండాలి. నీళ్లు దారి చేసుకుని దాన్ని కొట్టుకుపోతే, ఒక పక్క కుంగుతుంది, స్తంభాలు ఒరుగుతాయి. కల్యాణమండపం సంగతి అలాగే అయింది. 2006లో రాయి రాయి విడదీసి, నంబర్లు వేసి పక్కన పేర్చారు. తిరిగి నిలబెట్టి జనాన్ని లోపలికి రానిచ్చింది 2024 మార్చిలో. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఇక్కడికి వచ్చినప్పుడల్లా నంది వెనక ఆ నంబర్ల రాళ్లే కనిపించేవి. ఇప్పుడు మండపం లేచి నిలబడింది. స్తంభాల మధ్య పిల్లలు దొంగాట ఆడుతుంటే కడుపు నిండినట్టయింది.

బావమరిది ఓ స్తంభం చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. కొత్తగా చెక్కి అతికిన రాయి ఎక్కడ, పాతది ఎక్కడ అని వేలితో తడిమి చూశాడు. "పని బాగా చేశారు బావా. కానీ ఒక్క మండపానికి ఇన్నేళ్లు పట్టింది చూడు. అసలు కుంగకుండా చూసుకుంటే ఇంత అవసరం ఉండేది కాదు కదా" అన్నాడు.

ఆ రాత్రి చౌరస్తాలో టిఫిన్ చేస్తూ మర్నాటికి కారు మాట్లాడుకున్నాం. ఖిలాకు వెళ్లలేదు. 1323లో ఢిల్లీ సేనలు కోటను గెలిచాక స్వయంభూ గుడిని కూలగొట్టిన సంగతి అందరికీ తెలుసు. నాలుగు కీర్తితోరణాల మధ్య పడి ఉన్న ఆ శకలాలు చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. అది ఒక యుద్ధం చేసిన పని. నేను చూడాలనుకున్నది ఏ యుద్ధమూ లేకుండానే కూలుతున్న గుడిని.

రెండో రోజు: పాలంపేట, గణపురం

తెల్లవారుజామునే బయల్దేరాం. ఆత్మకూరు దాటాక చలి పెరిగింది. రోడ్డు పక్కన పత్తి ఏరడానికి ట్రాలీల్లో పోతున్న ఆడవాళ్లు తలకు తువ్వాళ్లు చుట్టుకుని ఉన్నారు. ములుగులో చాయ్ తాగి, జంగాలపల్లి దగ్గర తిరిగి రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి పూజారి గుడి తలుపులు తీస్తున్నాడు.

రామప్ప గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. గుడి ఆవరణలో చిన్న మండపంలో నిలువెత్తు శాసనం ఉంది. శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి. అంటే 1213. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించి, దేవుడికి ఊళ్లు దానం చేశాడని అందులో ఉంది. శాసనం అనగానే మనం రాజు పేరు, తేదీ వెతుక్కుంటాం. నా మటుకు నాకు అందులో అసలు విషయం ఆ దానమే. గుడి కట్టినవాడు కట్టి చేతులు దులుపుకోలేదు. దీపానికి నూనె, నైవేద్యానికి బియ్యం, ఊడ్చేవాళ్లకు కూలి, రాయి కదిలితే సరిచేసేవాళ్లకు భత్యం, ఇవన్నీ రావాలంటే పండే భూమి ఉండాలి. ఆ భూమి ఉన్నన్నాళ్లు గుడి ఉంటుందని వాళ్లకు తెలుసు.

కాకతీయుల రాజ్యం పోయాక ఆ మాన్యాలూ పోయాయి. గుళ్లు అడవిలో కలిశాయి. రామప్ప అదృష్టం ఏమిటంటే, నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దానికి మొదటి డైరెక్టరైన గులాం యజ్దానీ దీని మీద మనసు పెట్టాడు. పాలంపేట గుళ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1922లో అచ్చయింది. ఆనాటి నుంచి రామప్పను ఎవరో ఒకరు పట్టించుకుంటూనే ఉన్నారు. 2021 జులై 25న యునెస్కో గుర్తింపు వచ్చింది. అంతటి రామప్పలోనే పక్కనున్న కామేశ్వరాలయం పదేళ్లకు పైగా విప్పిన రాళ్ల కుప్పగా పడి ఉండేది. యునెస్కో గుర్తింపు తర్వాతే దాని పని ఊపందుకుంది.

పులిహోర ప్రసాదం తిని పదిగంటలకల్లా గణపురం దారి పట్టాం.

ఊళ్లోంచి వెళ్లే దారి చివర కోటగుళ్లు. పేరుకు తగ్గట్టు చుట్టూ రాతి గోడ, అదీ రెండు వరసలుగా. లోపలికి అడుగు పెట్టగానే ముందు కనిపించేది గడ్డి. గడ్డి మధ్యలో ఎర్రగా, నల్లగా రాళ్లు. కొంచెంసేపటికి గానీ ఆ రాళ్లు గుళ్లుగా కంటికి ఆనవు. ఇక్కడ రెండు స్తంభాలు, వాటి మీద దూలం, దూలం మీద ఏమీ లేదు. అక్కడ ద్వారబంధం ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది, అటూ ఇటూ గోడల్లేవు. గడప దాటి లోపలికి వెళ్లినా బయటే ఉంటాం. ప్రాకారం వెంబడి వరసగా చిన్న చిన్న గుళ్లు. ఒకదానికి కప్పు ఉంది గానీ అధిష్ఠానం, అంటే గుడి కింది రాతి పీఠం, ఒక మూల నేలలోకి దిగింది. దాని పక్కదాంట్లో లింగం లేదు, పానవట్టం పక్కకు ఒరిగి ఉంది, దాని కింద మనిషి దిగేంత గుంత. గుప్తనిధుల కోసం తవ్వినవాళ్ల పని అది.

మధ్యలో పెద్ద గుడి, గణపేశ్వరాలయం. తూర్పు ముఖం. గర్భగుడి, అంతరాళం, మండపం, మండపానికి తూర్పున, ఉత్తరాన, దక్షిణాన ముఖమండపాలు. రామప్ప చూసి నేరుగా వచ్చినవాళ్లకు ఈ గుడి నిర్మాణం కొత్తగా ఉండదు. మండపం అంచున అదే కక్షాసనం (రాతి బెంచీ), అదే చూరు వంపు, పైకప్పు రాళ్ల మీద అదే పద్మం. అక్కడ పనిచేసిన చేతులే ఇక్కడికి వచ్చాయా అనిపించేంత దగ్గర పోలిక. లోపల శివుడికి దీపం వెలుగుతోంది. నిత్యపూజ జరుగుతోందని పూజారి చెప్పాడు. శివరాత్రికి జనం బాగా వస్తారట. మేడారం జాతర జరిగే ఏడాదైతే సమ్మక్క దగ్గరికి వెళ్లొచ్చేవాళ్లు దారిలో ఇటు వచ్చి పోతుంటారట.

ఉత్తరం వైపు ముఖమండపం దగ్గర చాలాసేపు ఉండిపోయాం. అక్కడ చూరు కింద ఇద్దరు మదనికలు ఉన్నారు. స్తంభం నుంచి చూరుకు ఏటవాలుగా నిలబెట్టిన శిల్పాలు. నేను రాతి బెంచీ మీదికెక్కి ఒకామెను దగ్గర్నుంచి చూశాను. నడుము ఒకవైపు ఒరిగి, బరువంతా ఒక కాలి మీద ఉంది. మెడలో హారం తీరుగా రొమ్ముల మీదుగా జారి, కడుపు దగ్గర కొంచెం గాల్లో తేలినట్టు చెక్కాడు. రాతికీ హారానికీ మధ్య సన్నటి చీకటి ఉంది, అందులో సాలీడు గూడు పెట్టింది. భుజం మీద తెల్లగా నాచు ఎండి పెచ్చు కట్టింది. వానకు తడిసే వైపు ముఖం మీద గీతలు మెత్తబడ్డాయి, తడవని వైపు కనుబొమ చివరిదాకా స్పష్టంగా ఉంది. పైన చూరు రాయి కొంచెం విరిగి ఉండటం వల్ల ఒక సగం తడుస్తోంది, ఇంకో సగం తడవడం లేదు. ఆ విరిగిన చూరును ఎప్పుడో అతికి ఉంటే ఆ ముఖం మొత్తం అలాగే ఉండేది.

మిగతా చోట్ల గజకేసరులు. ఏనుగు మీద సగం మనిషి, సగం సింహం ఉన్న రూపం. కింద ఏనుగు బరువుకు లొంగిపోయి తొండం చుట్టుకుంది. పైనున్నవాడి ముఖంలో మాత్రం ఏ కష్టమూ లేదు. ఇవి చూడ్డానికి అందంగా ఉండటమే కాదు, చూరును మోస్తున్నట్టు కూడా కనిపిస్తాయి. నిజానికి బరువు వాటి మీద పడదు, పడితే విరిగిపోతాయి. ఇప్పుడు కొన్ని చోట్ల చూరు దిగడంతో ఆ బరువు మెల్లగా వాటి మీదికి వస్తోందని బావమరిది అనుమానం. సెల్‌ఫోన్ లైటు వేసి కీళ్ల మధ్య సందులు చూపించాడు. ఒకచోట కాగితం దూరదు. మరోచోట నా బొటనవేలు దూరింది.

ఆ బొటనవేలు దూరిన సందులోనే రావి మొక్క ఉంది.

మోచేయంత పొడవు. నాలుగైదు ఆకులు, లేత ఎరుపు. చూస్తే ముద్దొస్తుంది కూడా. కానీ దాని వేరు రాళ్ల మధ్యకు పోయి ఎక్కడ తేలిందో అని వెతికితే, లోపలి వైపు దూలం పక్కన వేలి లావున బయటికొచ్చి, స్తంభం వెంబడి కిందికి దిగుతోంది. పక్షి రెట్టలో పడిన గింజ. పైకప్పు మీద డంగు సున్నపు గచ్చు ఉన్నన్నాళ్లు ఆ గింజకు మట్టి దొరకదు. గచ్చు ఒకచోట పగిలితే దుమ్ము చేరుతుంది, దుమ్ములో తడి నిలుస్తుంది, తడిలో గింజ మొలుస్తుంది. వేరు తడి వెతుక్కుంటూ సందులోకి పోతుంది. ఈ గుళ్లలో రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు, బరువు మీద, గాడి మీద నిలబడ్డవి. వేరు లావెక్కిన కొద్దీ రాయి అంగుళంలో పదో వంతు, ఇరవయ్యో వంతు జరుగుతుంది. దూలం కొస స్తంభం మీద నుంచి జారేంత జరిగిన రోజున కప్పు కూలుతుంది. ఆ రోజు చూసినవాళ్లు గాలివానకు కూలిందంటారు.

మేం చూస్తుండగా అక్కడ గడ్డి కోసే ఆయన వచ్చాడు. కొడవలి చంకలో పెట్టుకుని బీడీ వెలిగించాడు.

"ఏడికెళ్లి వచ్చిన్రు సారూ?"

"హైదరాబాద్ నుంచి. ఈ రావి మొక్కలు ఎవరూ తీయరా?"

"ఎందుకు తియ్యం సారూ, ఏడాదికి రెండు మాట్ల కోస్తం. కోసినా మల్ల మొలుస్తది. అది కోస్తె సచ్చేటిది కాదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. పైన కోస్తే కింద వేరు ఇంకా బలుస్తుంది. లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా లాగేయాలి. ముదిరాక లాగితే దాంతోపాటు రాళ్లూ ఊడొస్తాయి. అప్పుడు మొదలు నరికి, వేరుకు మందు పెట్టి, అది లోపలే చచ్చి ఎండేదాకా ఆగి, ఖాళీ అయిన సందును సున్నంతో నింపాలి. సిమెంటు పెడితే లోపలి తడి బయటికి పోయే దారి ఉండదు, రాయి పెచ్చులూడుతుంది. ఇదంతా తెలిసిన మనిషి ఏడాదికోసారి నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కితే సరిపోతుంది. గడ్డి కోసే ఆయనకు కప్పు ఎక్కే పని ఎవరూ చెప్పలేదు, నిచ్చెనా ఇవ్వలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఊరి కుర్రాళ్లూ పెద్దలూ కలిసి పొదలు కొట్టి, ముళ్లకంప తీసి, ఈ మాత్రమైనా నడిచే దారి చేశారని ఆయనే చెప్పాడు. వాళ్లు ముందుకు రాకపోతే మేం లోపలిదాకా వచ్చేవాళ్లమే కాదు.

భూకంపం మాట ఎత్తింది ఆయనే. 2024 డిసెంబరు 4న పొద్దున ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లో మాక్కూడా తెలిసింది. "ఇంట్ల గిన్నెలన్ని దడదడ కిందవడ్డయ్ సారూ. నేను ముందుగాల ఇటే ఉరికొచ్చిన. గుడి నిలవడ్డది. శివయ్య ఉన్నడు" అన్నాడు. మేం కూడా చేతులు జోడించాం. ఇసుక పునాది ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా తన పని చేసింది. రేపు ఇంకోసారి భూమి కదిలితే, ఇప్పటికే సందులిచ్చిన రాళ్లు తట్టుకుంటాయా అన్నది మా బావమరిది టెన్షన్. వాడు ఆ మాట ఆయన ముందు అనలేదు, కార్లో కూర్చున్నాక అన్నాడు.

మధ్యాహ్నం గోడ నీడలో కూర్చుని తెచ్చుకున్న సద్దన్నం తింటుంటే మేకలు తోలుకుంటూ ఒక పెద్దామె వచ్చింది. బిడ్డా అని పలకరించి పక్కన కూర్చుంది. తన చిన్నతనంలో ఇక్కడ ఎన్ని గుళ్లు నిలబడి ఉండేవో చేతులు తిప్పుతూ చూపించింది. "గీ మూలకున్నది నా లగ్గమైన యేడు కూలింది. గా పక్కది మొన్నమొన్ననే." ఊళ్లో ఏ ఇంటి గడపకు, ఏ బావి ఒరకు ఇక్కడి రాళ్లు పోయాయో కూడా ఆమెకు తెలుసు. కోపంగా చెప్పలేదు. కూలినంక పడున్న రాయిని ఎత్తుకుపోయినోళ్లే గానీ నిలబడ్డ గుడిని ఎవ్వరూ ముట్టలేదంది. నేను ఆ మాట నమ్ముతాను. నిధుల కోసం తవ్వినవాళ్లు వేరే, వాళ్లు రాత్రిళ్లు కార్లలో వచ్చేవాళ్లని ఆమె చెప్పింది.

సాయంత్రం గణపురం చెరువు కట్ట మీదికి వెళ్లాం. గణపసముద్రం. ఇదీ కాకతీయులదే. ఊరు, గుడి, చెరువు మూడూ కలిపి కట్టడం వాళ్ల పద్ధతి. కట్ట మీద నిలబడితే ఒకవైపు కనుచూపు మేర నీళ్లు, రెండోవైపు వరి. తూము దగ్గర ఇద్దరు రైతులు నీళ్ల వంతు గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. చెరువును ఇన్ని వందల ఏళ్లు ఎవరు కాపాడారో ఆ గొడవ వింటే తెలిసిపోయింది. కట్టకు చిన్న బుంగ పడితే రాత్రికి రాత్రి పార పట్టుకుని పరుగెత్తేవాళ్లున్నారు, ఎందుకంటే కింద వాళ్ల పొలముంది. 2015లో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రమంతా చెరువుల పూడిక తీయించారు, మంచి పని. గుడి కింద మాత్రం ఇప్పుడు ఎవరి పొలమూ లేదు. కాకతీయులు మాన్యం రాసి గుడిని కూడా పొలానికి కట్టేశారు. ఆ ముడి తెగిపోయాక చెరువు మిగిలింది, గుడి కూలింది. పొద్దున రామప్ప శాసనం దగ్గర నాకు తోచింది ఇక్కడ కళ్లముందు కనబడింది.

రాత్రికి ములుగు వచ్చి పడుకున్నాం.

మూడో రోజు: దేవునిగుట్ట, కటాక్షపూర్

పొద్దున్నే కొత్తూరు వెళ్లాం. ఊరికి ఆనుకుని అడవి, అడవిలో గుట్ట, గుట్ట మీద గుడి. కారు ఊళ్లో ఆపి నడిచాం. తోవ చూపడానికి ఊరబ్బాయి ఒకడు ముందు నడిచాడు. ఎక్కడం కష్టమేమీ కాదు గానీ వానాకాలంలో జారుడు ఉంటుందని చెప్పాడు.

ఈ గుడి కాకతీయులకంటే చాలా ముందుది. ఆరో శతాబ్దం ప్రాంతానిదని పరిశోధకుల అంచనా. ఒకటే గది, దాని మీద ఎత్తుగా లేచిన శిఖరం. అంతా ఇసుకరాతి దిమ్మెలు పేర్చి కట్టారు. విశేషం ఆ దిమ్మెల్లోనే ఉంది. మామూలుగా ఒక రాతిలో ఒక శిల్పం చెక్కుతారు. ఇక్కడ ఒక్కో దిమ్మె మీద బొమ్మలో ఒక ముక్కే ఉంటుంది. ఒకదాంట్లో భుజం, పక్కదాంట్లో మెడ, పైదాంట్లో తలపాగా. అన్నీ పేర్చితేనే దేవుడు. గోడలు బయటా లోపలా ఇలాగే. ఊరివాళ్లు దీన్ని లక్ష్మీనరసింహస్వామి గుడి అంటారు. మాతో వచ్చిన అబ్బాయి చెప్పులు కింద విడిచి, గోడకు నుదురు ఆనించి మొక్కి, అప్పుడు గానీ చూపించడం మొదలుపెట్టలేదు.

పేర్చిన బొమ్మ కాబట్టి ఇక్కడ నష్టం కూడా వేరుగా ఉంటుంది. ఒక దిమ్మె జరిగితే ముఖం రెండుగా చీలినట్టవుతుంది. ఒక దిమ్మె పడిపోతే చేయి లేదు. గోడలో పగుళ్లు మెట్లు మెట్లుగా పైకి పోయాయి. బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బావా, దీన్ని విప్పి కట్టడం కుదరదు. ఇసుకరాయి అంచులు అరిగిపోయాయి. విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టి నిలపాల్సిందే" అన్నాడు. మేం గోడను చేత్తో కూడా ముట్టలేదు. వేలితో రుద్దితే ఇసుక రాలేలా ఉంది. వెళ్లేవాళ్లకు నా విన్నపం కూడా అదే, శిల్పాల మీద చేతులు వేయకండి, ఫొటో కోసం ఆనుకోకండి.

తిరుగు దారిలో కటాక్షపూర్. హనుమకొండ, ములుగు మధ్య హైవే మీదే ఉంటుంది. వానాకాలంలో ఇక్కడి చెరువు మత్తడి రోడ్డు మీద పారి బండ్లు ఆగిపోతుంటాయి, ఆ వార్త ఏటా పేపర్లో వస్తుంది. ఆ చెరువు పక్కనే కాకతీయుల కాలం నాటి గుళ్లు ఉన్నాయన్నది మాత్రం హైవే మీద పోయేవాళ్లలో పదిమందికి ఒకరికి తెలిస్తే గొప్ప. కంపచెట్లు తప్పించుకుంటూ వెళ్లాం. రంగమండపం స్తంభాలు బాగున్నాయి. గర్భగుళ్లలో గబ్బిలాలు. కప్పు మీద రావి కాదు, ఇక్కడ ఏకంగా మర్రి, దాని ఊడలు గోడ వెంబడి కిందికి దిగి నేలలో పాతుకున్నాయి. ఇంత ముదిరాక ఆ చెట్టును ఇప్పుడు నరికితే గుడీ కూలుతుంది, ఉంచినా కూలుతుంది. కొన్ని చోట్ల గోడను పట్టి ఉంచింది కూడా ఆ ఊడలే. గణపురంలో చూసిన మోచేయంత మొక్క ముప్పై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఇక్కడ చూశాం.

రోడ్డు పక్క హోటల్లో భోజనానికి కూర్చున్నప్పుడు బావమరిది నోట్‌బుక్ తీశాడు. గణపురం పెద్ద గుడి బొమ్మ చేత్తో గీసి ఉంది. తూర్పు ముఖమండపం, ఉత్తర ముఖమండపం, గర్భగుడి వెనక గోడ అని విడివిడిగా గుర్తులు పెట్టాడు. మొలకెత్తిన చోటల్లా ఒక చుక్క, సందు ఇచ్చిన చోటల్లా ఒక గీత, ఫోన్లో ఫొటో నంబరు పక్కన రాసి. మదనిక మీద చూరు విరిగిన చోటు ఎర్ర పెన్నుతో. దీన్ని ఉత్తరంగా రాసి సంబంధిత శాఖకు ఇవ్వాలనుకున్నాం. మొత్తం గుళ్లు నిలబెట్టమని అందులో అడగడం లేదు, దానికి కోట్లు కావాలి, ఏళ్లు కావాలి. అడిగేవి మూడే. వానలు మొదలయ్యేలోపు పెద్ద గుడి కప్పు మీద మొక్కలు వేళ్లతో తీయించాలి. గచ్చు పగిలిన చోట సున్నంతోనే మూయించాలి. గడ్డి కోసే ఆయనకే ఒక నిచ్చెన, ఆ పని నేర్పే మనిషి, ఏడాదికి కొన్ని రోజుల కూలి అదనంగా ఇప్పించాలి. గణపురం పూజారికి ఫోన్ చేస్తే, ఊరివాళ్ల చేత తానే సంతకాలు పెట్టిస్తానన్నాడు. శివరాత్రికి అందరూ గుడి దగ్గరికే వస్తారు కాబట్టి ఆ రోజు రమ్మన్నాడు. కాగితం తెలుగులో రాయమన్నాడు, చదివి వినిపిస్తే గానీ ఎవరూ సంతకం పెట్టరట. ఆ ఉత్తరం హైదరాబాద్ చేరేలోపే కార్లో రాయడం మొదలుపెట్టాను.